మొదటి అధ్యక్షుడి వరండాలో ఒక పొద్దున్న

ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి మేం డీసీ వెళ్లడానికి కారణం మా అమ్మాయి సహస్ర టీచర్ రాసిన ఒక్క ముక్క. ఏడో తరగతి చదువుతున్న సహస్ర, స్కూల్ స్పీచ్ పోటీకి అమెరికా మొదటి అధ్యక్షుడి జీవితం మీద ఐదు నిమిషాల ప్రసంగం రాసింది. పదకొండేళ్లకే తండ్రి పోవడం, పదహారేళ్లకి భూములు కొలిచే పనిలో చేరడం, ఎనిమిదేళ్ల స్వాతంత్ర్య యుద్ధం, రెండుసార్లు అధ్యక్ష పదవి, అన్నీ వరసగా ఉన్నాయి. టీచర్ కింద ఇలా రాసింది: "అన్నీ కరెక్టే. మనిషే కనిపించలేదు."

బుధవారంలోగా మార్చి రాయకపోతే ఫైనల్‌కి ఛాన్స్ పోతుంది. సహస్ర రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు నేను లాప్‌టాప్ తెరిచి డీసీ పక్కనే వర్జీనియాలో ఉన్న ఆయన ఇంటికి, అదే మౌంట్ వెర్నన్‌కి, టికెట్లు బుక్ చేశాను. మా ఆవిడకి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ఉండటంతో మేమిద్దరమే బయల్దేరాం.

శుక్రవారం మధ్యాహ్నం మేముండే అరోరాలో లోకల్ ట్రైన్ ఎక్కి చికాగో యూనియన్ స్టేషన్‌లో దిగాం. సాయంత్రం ఆరున్నర దాటాక డీసీ ట్రైన్ కదిలింది. ఫ్లైట్‌లో రెండు గంటల దూరమే. కానీ ట్రైన్‌లో అయితే తెల్లారాక చాలాసేపు పొటోమాక్ నది పక్కనే వెళ్తాం. కేఫ్ కార్‌లో మనం తినేవి తక్కువ. పులిహోర డబ్బా ఆదుకుంది.

శనివారం పొద్దున్న పక్క వరసలో కూర్చున్న పెద్దావిడ సహస్ర చేతిలో కాగితాలు చూసి పలకరించారు. పేరు డెలోరిస్. డెబ్బై నాలుగేళ్ల నల్లజాతి మహిళ, రిటైరైన నర్స్. ఆవిడా మౌంట్ వెర్నన్‌కే వెళ్తున్నారు.

"మా పూర్వీకులు ఆయన పొలాల్లో బానిసలు అని మా అమ్మమ్మ చెప్పేది," అన్నారు. "కాగితం ఏదీ లేదు. జోనా, లెటీ అని ఇద్దరు భార్యాభర్తల పేర్లు, వాళ్ల గురించి ఆవిడ చెప్పిన నాలుగు మాటలు, అంతే. ఇన్నేళ్లూ వెళ్లబుద్ధి కాలేదు. ఈసారి వెళ్లకపోతే ఇంక వెళ్లనేమో అనిపించింది."

సహస్ర కాగితాలు మెల్లిగా బ్యాగ్‌లో పెట్టేసింది. కాసేపటికి నది కనపడగానే మళ్లీ ప్రాణం లేచొచ్చింది. "నాన్నా, ఆయన ఇంటి దగ్గర ఉండే రివర్ ఇదే కదా?" అంటూ కిటికీకి అతుక్కుపోయింది. నిజం చెప్పాలంటే నేనూ అంతే.

మధ్యాహ్నం డీసీలో దిగి, యెల్లో లైన్ మెట్రోలో చివరి స్టేషన్ హంటింగ్‌టన్ దాకా వెళ్లి, దగ్గర్లో మోటెల్‌లో దిగాం. ఆదివారం పొద్దున్నే అక్కణ్ణుంచి బస్ ఎక్కితే నేరుగా గేటు దగ్గరే దించాడు. మేనకోడలి ఇంట్లో ఉన్న డెలోరిస్ గారు ట్రైన్‌లో అనుకున్న ప్రకారం తొమ్మిదింటికి అక్కడే ఉన్నారు.

"ఇంట్లోకి మీరెళ్లండి. నేను బానిసల శ్మశానం దగ్గరికే వెళ్తాను," అన్నారు. సహస్ర ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు రండి ప్లీజ్. తర్వాత మేం కూడా మీతో వస్తాం." ఆవిడ మాతో కదిలారు.

ఇల్లు పెద్దదే గానీ రాజభవనం కాదు. హాల్లో గోడకి ఒక పెద్ద ఇనుప తాళంచెవి వేలాడుతోంది. ఫ్రాన్స్‌లో విప్లవకారులు కూల్చిన జైలుదట. మేడ మీద ఆయన కన్నుమూసిన మంచం. పదవి దిగి ఇంటికొచ్చాక మూడేళ్లు కూడా బతకలేదు. వెనక వరండాలో కుర్చీలున్నాయి, ఎవరైనా కూర్చోవచ్చు. ఎదురుగా ఎండలో మెరుస్తూ నది. యుద్ధం గెలిచాక సైన్యం ఆయన చేతిలోనే ఉంది. రాజు కావాలనుకుంటే అడ్డుకునేవాడు లేడు. సైన్యాధిపత్యం తిరిగిచ్చేసి ఈ వరండాకే వచ్చాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే ఒళ్లు జలదరించింది.

తర్వాత చెట్ల మధ్యలో ఉన్న గుట్ట మీదికి నడిచాం. బానిసల సమాధులకి పేర్లు లేవు. పరిశోధకులు నేలలో గుర్తించిన సమాధి గుంతల చుట్టూ దారాలు కట్టారు, కొన్ని మరీ చిన్నవి. తన సొంత బానిసల్ని విడుదల చేయమని ఆయన వీలునామా రాశాడు. భార్య మొదటి భర్త ఆస్తి కింద ఉన్నవాళ్లకి అది వర్తించలేదు.

"జోనాకి స్వేచ్ఛ వచ్చింది, లెటీకి రాలేదు," అన్నారు డెలోరిస్ గారు. "అతను ఈ చుట్టుపక్కలే కూలి చేసుకుంటూ ఉండిపోయాడట, ఆమె కోసం." ఆ రెండు పేర్లూ మామూలుగా మనిషిని పిలిచినట్టు గట్టిగా పిలిచారు.

సహస్ర ఏడుస్తోంది. "మీకు ఆయన మీద కోపం లేదా?"

"ఉంది. కానీ ఇందాక ఆ వరండాలో కూర్చున్నప్పుడు, ఇంత మంచి చోటు వదిలేసి అన్నేళ్లు యుద్ధంలో ఎలా ఉన్నాడా అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు."

సాయంత్రం నాలుగు దాటాక తిరుగు ట్రైన్ కదిలింది. సహస్ర రాసిందంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. చీకటి పడేలోపు పూర్తిచేసి నడవలో నిలబడి చదివింది. టికెట్లు చూడటానికొచ్చిన కండక్టర్ పని ఆపి చివరిదాకా విన్నాడు. "ఈ జోనా సంగతి నాకు తెలీదమ్మా," అన్నాడు. సహస్ర ముఖం వెలిగిపోయింది. బుధవారం తనని ఫైనల్‌కి సెలెక్ట్ చేశారు.

మీరూ వెళ్తే ఒక మాట. ఇల్లు చూడటానికి టైమ్ స్లాట్ ఉంటుంది, ముందే తీసుకోండి. ఆ గుట్ట మీద మాత్రం ఎంతసేపైనా నిలబడొచ్చు. కదలమని ఎవరూ చెప్పరు.