తప్పు నాదే బాబాయి

ఎక్కడ ఏ పొరపాటు జరిగినా దాన్ని తన నెత్తిన వేసుకోకపోతే బాబాయికి అన్నం సహించదు. సముద్రం అడుగున వదిలేసిన వలల్ని వెతికే పడవలో ఆయన పెద్ద డైవరు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. 'తప్పు నాదే బాబాయి' అంటే చాలు.

కొత్తగా చేరిన డైవరమ్మకి ఆ సంగతి మొదటి వారమే తెలిసింది. ఇంజను మొరాయించింది.

"తప్పు నాదే. పొద్దున దాన్ని పలకరించలేదు" అన్నాడాయన.

వాన పడింది. "నాదేనమ్మా. నిన్న బట్టలుతికాను."

టీలో ఉప్పు పడింది. వంటవాడు నోరు తెరిచేలోపే, "నేను పక్కన చేరి వాగుతుంటే ఎవరికైనా ఉప్పూ చక్కెరా ఒకటే" అని ఒప్పేసుకున్నాడు.

ఈయన దగ్గరా నేను పని నేర్చుకోవాల్సింది, అనుకుందామె.

నీళ్లలో మాత్రం ఆ మనిషే వేరు. రాళ్లకి చుట్టుకున్న వల పొడవెంతో కొలిచాడు. అందులో ఎన్ని ప్రాణాలు చిక్కాయో లెక్కపెట్టి ఆమె చేత పలక మీద రాయించాడు. బతికున్న పీతల్ని ఒక్కొక్కటే విడిపించాడు. వలవేసినవాడు మరిచిపోయినా వల తన పని మరిచిపోదు మరి. మర్నాడు క్రేను పడవ వచ్చి లాగడానికి గుర్తుగా, పైకి తేలే ఎర్ర బంతిని వలకి కట్టమని ఆమెకి సైగ చేశాడు. ఆమె కట్టింది. కట్టాననుకుంది.

మర్నాడు చూస్తే బంతి లేదు. నీళ్లు బురదబురదగా ఉన్నాయి. క్రేను పడవ మధ్యాహ్నం దాకా తిరిగి తిరిగి ఉత్త చేతులతో నిలబడింది.

"ఆ ముడి వేసిందెవరు?" అన్నాడు క్రేను పడవలో వచ్చిన ఆఫీసరు.

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"నేనేనండీ" అన్నాడు బాబాయి. "ముప్పై ఏళ్లుగా వేస్తున్నాను. ఇప్పటికీ నా బూట్ల తాళ్లు మా ఆవిడే కట్టాలి."

అందరూ గొల్లుమన్నారు. ఆఫీసరు కోపం కూడా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. బాబాయి ఆమెని వెంటబెట్టుకుని మళ్లీ దిగాడు. వల దొరికింది. అక్కడ ఆమె చేత అదే ముడి మూడుసార్లు విప్పించి కట్టించి, కాలు రాతికి తన్నిపెట్టి లాగి చూశాడు.

ఈ పడవలో ఎవరూ ఎవర్నీ తిట్టగా ఆమె ఎందుకు వినలేదో అప్పుడర్థమైంది. ఒడ్డు చేరగానే తిన్నగా ఆఫీసరు గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ ముడి వేసింది నేనండీ. తప్పు నాదే."

ఆఫీసరు కళ్లజోడు పైనుంచి జాలిగా చూశాడు. "మీక్కూడా అంటుకుందా? చేరి పదిరోజులు కాలేదు కదమ్మా. వెళ్లి పని చూసుకోండి."

గుమ్మం బయట బాబాయి మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"నాకొచ్చిన విద్య ఇదొక్కటేనమ్మా. దీనికీ నువ్వు పోటీకొస్తే నేనెట్లా బతకను?"