పంటు మీద ఎలక్ట్రాన్లు

మా ఎదురింటి సైంటిస్టుగారు నిద్రలోనే వెళ్ళిపోయారని పొద్దున్నే పాలాయన చెప్పాడు. ముందు కన్నీళ్ళు రాలేదండి, భయమేసింది. నా గొంతులో కేన్సరు. కాకినాడ ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషను, పెట్టించుకోవడానికి రోజూ నాతో వస్తున్నది ఆయనే. సగం విడతలు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆయన ఉద్యోగమంతా ఎక్కడో ఉత్తరాదిన, ఎలక్ట్రాన్లని పరిగెత్తించే యాక్సిలరేటర్లనే మిషన్లకి ఎలక్ట్రాన్ గన్‌లు డిజైన్ చెయ్యడం. రిటైరై కోనసీమకొచ్చారు. గన్ లోపల వేలిముద్ర పడినా పాడైపోతుందట. ఆ అలవాటుకొద్దీ పెళ్ళిభోజనంలో లడ్డూని కూడా ఆకుముక్కతోనే పట్టుకునేవారు. ఒక పెళ్ళికూతురి తల్లి, "మా లడ్డూకేం అంటుకుందండీ?" అని నిష్ఠూరమాడింది. ఆ కథ పెద్దది, వదిలేద్దాం.

నన్ను పడుకోబెట్టే మిషన్లోనూ అలాంటి గన్ ఉంటుందని మొదటిరోజున ఆయన నోటే విన్నాను. గోదావరి దాటించే పంటు ఇంకా రేవు వదల్లేదు, దిగిపోబోయాను.

"తుపాకీ కాదు బావగారూ!" అని కండువా పట్టుకుని లాగారు. వరసకేం కామండి, ఎదురిళ్ళు గనక బావగారం. "లోపల ఒక బిళ్ళ వేడెక్కితే ఎలక్ట్రాన్లు ధారగా వస్తాయి. అలాగే పంపితే చాలా మటుకు దారి తప్పుతాయి. అందుకని ముందొక గేటు. ఈ రేవులో గేటు తీసినప్పుడే జనం పంటెక్కినట్టు, గుంపులు గుంపులుగా వదుల్తాం."

"జనం తోసుకుంటారుగా?"

"అవీ అంతే! ఒకదాన్నొకటి గెంటుకుంటాయి. గుంపు చెదరకుండా చూడ్డమే నా ఉద్యోగం."

"మీకు భయమెయ్యలేదేంటండీ?"

"స్విచ్చి వేసినప్పుడల్లా భయమేసేది. భయం లేనివాణ్ణి గన్ దగ్గరకే రానిచ్చేవాణ్ణి కాదు. భయాన్ని కూడా ధారగా వదలకండి బావగారూ, గేటెయ్యండి."

ఆ గేటెక్కడుంటుందో మాత్రం చెప్పలేదు మహానుభావుడు. ఐదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టి, పకోడీ పొట్లాల కాగితాలు చదివి పెద్దవాణ్ణయిన నాకు అర్థమైంది ఒకటే: తెలిసినవాడూ భయపడతాడు. అది విన్నాకే మళ్ళీ కూర్చున్నాను.

అంత్యక్రియల మర్నాడు వెళ్ళడం మానేద్దామనుకున్నాను. ఆయన భార్య గుమ్మంలోంచే, "వెళ్ళండి అన్నయ్యగారూ. మధ్యలో ఆపకూడదని ఆయనే అనేవారుగా," అన్నారు.

ఒక్కణ్ణే వెళ్ళాను. తల కదలకుండా ముఖానికి వలలాంటి తొడుగేసి బల్లకి బిగించారు. అందరూ బయటికెళ్ళిపోయారు. మందపాటి తలుపు మూసుకుంది. మిషన్ తుమ్మెదలా రొదపెట్టడం మొదలెట్టింది. గుటక వెయ్యడానిక్కూడా ధైర్యం చాల్లేదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద ఉన్నారు. ముసలి చర్మం కదండీ, తొడుగు గళ్ళు నా బుగ్గల మీంచి ఇంకా పోలేదు. ఆవిడ ఆ గళ్ళవంకే చూస్తూ ఉండిపోయారు.