సున్నా చూపే బ్యాడ్జి

దోహాలో వరల్డ్ కప్ స్టేడియం కడుతున్నప్పుడు, ఇనుప దూలాల అతుకుల్లో లోపాలు పట్టడానికి రేడియేషన్‌తో ఫోటోలు తీసేవాడు మా జగిత్యాల అన్న. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జిని రోజూ చొక్కా అంచుతో తుడిచి గుండె మీద పెట్టుకునేవాడు. ఆ బ్యాడ్జీలను పోగుచేసి ల్యాబ్‌కు పంపడం నా డ్యూటీ. అందరికీ ఎప్పుడూ సున్నాయే వచ్చేది. ఫైలు మూసేయొచ్చని నాకూ హాయిగానే ఉండేది.

అన్నకు అనుమానం వచ్చింది. తన బ్యాడ్జిని వారం రోజులు ఫోటోలు తీసే రేడియేషన్ పెట్టెకే కట్టి ఉంచి నాకిచ్చాడు. దానికీ సున్నాయే వచ్చింది.

"రిపోర్టు కరెక్టే, వెళ్లి పని చూసుకో" అన్నాడు మా విజయవాడ మేనేజర్, అన్న ఆ రిపోర్టు పట్టుకెళ్లి అడిగితే.

అన్న కొత్త బ్యాడ్జిని ఎప్పటిలాగే తుడిచి, మేనేజర్ చొక్కాకు పెట్టాడు.

"గంత నమ్మకముంటే నువ్వే పెట్టుకో సార్. పెట్టె కాడికి పోదాం, యల్లా."

మేనేజర్ కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు సైట్ దగ్గర మేమెవరమూ బస్సు దిగలేదు.