జమ్ముకుంట అంచు

గురజాలలో నాపరాళ్లు పరిచే మేస్త్రీలు చాలామందే ఉన్నారు. రాయి పరుస్తూ కథలు చెప్పే మేస్త్రి మాత్రం అంకమ్మరావు ఒక్కడే. చేతిలో తాపీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. ఎవరి తాత ఎవరి మీద దావా వేశాడో, ఏ బావి నీళ్లు ఏ ఏడు ఉప్పనయ్యాయో, అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. పని చూద్దామని వచ్చిన ఇంటివాళ్లు కుర్చీ వేసుకుని మరీ వినేవాళ్లు. ఆయన భార్య లక్ష్మీతిరుపతమ్మకు మాత్రం ఆ కథలంటే విసుగు. "ఊరందరికీ చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురు. నాతో మాట్లాడటానికి ఏం మిగిలిద్ది?" అనేది.

పెళ్లయినప్పటి నుంచీ వాళ్లది అద్దె కొంపే. ఎందరి ఇళ్లలోనో నేల పరిచిన మనిషికి తనదంటూ ఒక గడప లేదు. ఊరికి పడమర వేసిన కొత్త కాలనీలో లాటరీ తీసి ఇళ్ల స్థలాలు ఇస్తున్నప్పుడు తన పేరు పిలిస్తే, అంకమ్మరావు ఆ ఒక్కసారికి మాట రాక నిలబడిపోయాడు. ఆ లాటరీలోనే ఇమాం సాహెబ్ పేరు కూడా వచ్చింది. ఇమాం సాహెబ్‌ది బస్టాండు పక్క సందులో మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే ఏడు మానేసినవాళ్లు. ఇమాం తన స్థలానికి వెళ్లి, ఇల్లు ఎప్పటికి లేస్తుందో తెలియకపోయినా, మూలన ఒక మునగ కొమ్మ పాతి వచ్చాడు.

ఆ కాలనీ వేసిన నేల ఒకప్పుడు జమ్ముకుంట. మనిషెత్తు జమ్ము గడ్డి, మధ్యలో నీళ్లు, చుట్టూ బురద. కాంట్రాక్టరు లారీలతో గ్రావెల్ తోలి చదును చేయించాక అక్కడ కుంట ఉండేదంటే కుర్రాళ్లు నమ్మరు. నమ్మాల్సి వచ్చింది మొదటి వానాకాలంలోనే. నిలవడానికి చోటు లేని నీళ్లు పల్లంలో ఉన్న కింద బజారు మీద పడ్డాయి. ఇళ్లలో బియ్యం డబ్బాలు తేలాయి. కింద బజారువాళ్లు కోర్టుకు పోయారు. పాత రికార్డుల్లో కుంట పేరుంది కానీ అది ఎందాకా ఉండేదో సరిగా లేదు. మట్టిని పరీక్ష చేయించి పాత కుంట హద్దు తేల్చమనీ, దాని లోపల పడ్డ స్థలాలు రద్దు చేయమనీ, అప్పటిదాకా ఎవరూ ఇల్లు మొదలుపెట్టొద్దనీ కోర్టు చెప్పింది.

అలా వచ్చింది సింధూజ. సత్తెనపల్లి వైపు అమ్మాయి, మట్టి శాస్త్రం చదువుకుంది. వెంట ఇద్దరు కూలీలు, నేలలోకి తిప్పుతూ దించే పొడవాటి ఇనప బరమా, రంగుల ముక్కలు అంటించిన ఒక పుస్తకం. ఆ పొద్దున అంకమ్మరావు తన స్థలం చూసుకోవడానికి వెళ్లి, వాళ్లు చేసే పని చూస్తూ నిలబడ్డాడు. అడగకుండా ఎట్లా ఉంటాడు?

"ఏందమ్మా, బోరు వేస్తున్నారా?"

"కాదు బాబాయ్. ఇక్కడ నీళ్లు ఎందాకా నిలిచేవో చూస్తున్నాం. మీది ఈ ఊరేనా? కుంట మీకు గుర్తుందా?"

గుర్తుండటమా! అంకమ్మరావుకు ఆ మాట చాలు. జమ్ములో గూళ్లు పెట్టే నీటికోళ్ల గురించి, పంచెతో వల వేసి పట్టిన కొర్రమేనుల గురించి, ఇమాం బురదలో మోకాళ్ల దాకా దిగిపోతే తాను జమ్ము పరకలు పేని లాగిన సంగతి గురించి చెప్పుకుపోయాడు. సింధూజ పని ఆపి విన్నది. చదువుకున్న పిల్ల, పెద్ద ఆఫీసుల నుంచి వచ్చిన పిల్ల, అంత శ్రద్ధగా వింటుంటే ఆయనకు ఒళ్లు తెలియలేదు.

"అంచు ఎక్కడ ఉండేదో నడిచి చూపిస్తారా?" అని అడిగింది.

"ఎందుకు చూపించనమ్మా? కళ్లు మూసుకుని చూపిస్తా."

తూర్పు వైపు నుంచి మొదలుపెట్టాడు. ఆయన నడిచిన దారిలో కూలీలు జెండాలు గుచ్చారు. జెండాల పక్కనే బరమా దించి తీశారు. మొదట గ్రావెల్, దాని కింద నల్లమట్టి, ఇంకా కిందికి పోతే బూడిద రంగు బంకమట్టి. సింధూజ దాన్ని అరచేతిలో తడిపి, విరిచి, రంగుల పుస్తకం పక్కన పెట్టి చూసింది.

"నీళ్లు ఏళ్ల తరబడి నిలిచిన చోట మట్టికి గాలి అందదు బాబాయ్. అందులో ఇనుము ఎరుపు పోయి ఇట్లా బూడిద రంగుకు తిరుగుతుంది. నీళ్లు వస్తూ పోతూ ఉండే అంచులో ఇదుగో, వేళ్లున్న చోటల్లా తుప్పు గీతలు పడతాయి. పైన ఎంత మట్టి తోలినా కింద ఈ గుర్తు పోదు."

ఆ ముక్కలో తెల్లటి నత్త గుల్ల ఒకటి బయటపడింది. అంకమ్మరావు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూశావా అమ్మా! నే చెప్పలా!" ఆ ఉత్సాహంలోనే తరువాతి గుంత దగ్గరికి వెళ్లాడు. అక్కడ కూడా బూడిద మట్టే. దాని పక్కన, ముంజేయంత ఎత్తున, చిగుళ్లు వేసిన మునగ కొమ్మ ఉంది.

ఇమాం పాతింది. ఎవరి నేల పోతుంటే చప్పట్లు కొట్టబోయాడో అప్పుడు తెలిసింది.

ఉత్తరం వైపు ఇంకా చూపించాలి. తన స్థలం ఆ వైపే. "ఇటు నీళ్లు వచ్చేయి కాదమ్మా, ఇదంతా మెరక. అదుగో ఆ కరెంటు స్తంభం కాడికే ఆగిపోయేయి," అని దూరం నుంచే చెయ్యి చూపించి, పనుందని చెప్పి వచ్చేశాడు.

ఆ రోజే ఇమాం కొట్టుకు వెళ్లాలనుకున్నాడు. సందు మొదటి దాకా వెళ్లాడు కూడా. ఇమాం తల వంచుకుని రాగి తీగ చుడుతున్నాడు. రేపు చెబుదాం, ఇంకా ఏదీ తేలలేదు కదా అనుకుని వెనక్కి తిరిగాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ఒక్క మాట మాట్లాడకపోతే లక్ష్మీతిరుపతమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

రేపు అనుకున్నది జరగలేదు. ఆటో నడిపే వసీం కాలనీ మీదుగా పోతూ జెండాలు చూశాడు, అంకమ్మరావు దగ్గరుండి చూపించాడని కూలీల నోట విన్నాడు, నేరుగా ఇమాం కొట్టు ముందు ఆటో ఆపి చెప్పాడు. కొన్నాళ్లకు సింధూజ మనుషులు సున్నంతో గీత కూడా పోశారు. ఇమాం స్థలం గీతకు లోపల పడింది. దాంతోపాటు ఇంకా చాలామందివి. అంకమ్మరావుది బయట ఉంది.

ఊరు ఊరుకుంటుందా? "తనది తప్పించుకుని మిగతావాళ్లది ముంచాడు" అన్నారు. టీ కొట్టు దగ్గర బల్ల మీద ఆయన పక్కన చోటుంటే ఎవరూ కూర్చోవడం మానేశారు. బయటివాళ్ల మాటకు ఆయన అంతగా కుంగలేదు. నిజంగానే అలా చేశానా అని తనకే అనుమానం పుట్టడం ఆయన్ని తినేసింది. ఉత్తరం వైపు నీళ్లు ఎక్కడ ఆగేవి? ఎంత గుర్తు చేసుకున్నా కరెంటు స్తంభమే కనబడుతోంది. ఆ స్తంభం తన చిన్నప్పుడు అక్కడ లేదు.

సింధూజ పని ముగించుకుని వెళ్లేలోపు ఆమెను పట్టుకున్నాడు. గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

"అమ్మాయ్, నా స్థలంలో తవ్వాలి. నువ్వు చూడాలి."

"అక్కడ చూశాం బాబాయ్. గీతకు రెండు పక్కలా గుంతలు తీశాం."

"నా కళ్ల ముందు తీయలేదుగా."

ఆమె వద్దనలేదు. ఎండలో ఆయనే తవ్వాడు, నడుము లోతు దాకా. గ్రావెల్ పోయింది, నల్లమట్టి పోయింది. కింద గోధుమ రంగు మట్టి, మధ్య మధ్య తెల్లటి సున్నపు గడ్డలు. గుంతలోకి దిగి గోళ్లతో గోకి చూశాడు. బూడిద రంగు లేదు. తుప్పు గీత లేదు. బురద వాసన లేదు.

"మీది మెట్ట నేల. నీళ్లు ఇక్కడ నిలవలేదు," అంది సింధూజ మెల్లగా.

అంకమ్మరావు గుంత అంచున కూలబడ్డాడు. సంతోషం రావాల్సింది. రాలేదు. బూడిద మట్టి పడితే బాగుండునని, ఇమాంతోపాటు తనదీ పోతే బాగుండునని కోరుకుంటూ తవ్వాడని అప్పుడు అర్థమైంది.

"మీరు చెప్పారని గీత గీయలేదు బాబాయ్. మీరు రాకపోయినా మట్టి ఇదే చెప్పేది. కాకపోతే మాకు కాస్త ఆలస్యమయ్యేది. తూర్పున మీ మాటా మట్టీ అచ్చంగా కలిశాయి. ఈ ఉత్తరం వైపే తేడా వచ్చింది. మీరు స్తంభం దగ్గర అన్నారు కదా, మట్టి ఇంకా ఇటు చూపించింది. నేను మట్టినే తీసుకున్నాను."

"ఇటంటే, నా స్థలం వైపుకా?"

"అవును. కానీ మీ స్థలం దాకా రాలేదు. పాత జ్ఞాపకం కదా, కాస్త అటూ ఇటూ అవుతుంది."

ఆమె మంచి మనసుతోనే అన్నది. ఆయనకు మాత్రం తీర్పు చదివినట్టు వినిపించింది. జ్ఞాపకం అటూ ఇటూ అయితే తూర్పున ఎందుకు కాలేదు? మునగ కొమ్మను చూసే దాకా తప్పని జ్ఞాపకం, చూశాక ఎందుకు తప్పింది? కుంట తన దాకా రాదని తెలియక ముందే, దాన్ని అవతలికి తోశాడు. దాని వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. అయినా తోశాడు.

ఆ సాయంత్రం ఇమాం ఇంటికి వెళ్లాడు. ఇమాం భార్య మస్తాన్‌బీ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఎప్పుడూ "రా అన్నా" అనే మనిషి చేట వైపే చూస్తూ ఉండిపోయింది. ఇమాం మంచం మీద ఉన్నాడు.

"చానా బాగా చెప్పావంటగా కథ," అన్నాడు. "నేను బురదలో దిగబడింది కూడా చెప్పావంట."

"ఇమాం, నా జాగా నువ్వు తీసుకోరా. ఇద్దరం పోయి ఆఫీసులో రాయించుకుందాం. నాకు వద్దు."

"ఎందుకు?"

అంకమ్మరావు దాచలేదు. స్తంభం సంగతి చెప్పాడు. "నా వైపుకొచ్చేసరికి దూరంగా చూపించానురా. కావాలని చేశానో లేదో నాకే తెలియట్లా. చేశాననే అనిపిస్తంది."

బియ్యం ఏరే చప్పుడు ఆగింది. మస్తాన్‌బీ తలెత్తింది. "ఊరంతా కలిసి పూడ్చిన దాన్ని నువ్వొక్కడివే తవ్వి చూపించాలా అన్నా? నోరు కాస్త ఊరుకుంటే ఏమయ్యేది?"

"నువ్వుండు," అన్నాడు ఇమాం. తరువాత అంకమ్మరావు వైపు తిరిగాడు. "ఆ పిల్ల నన్నడిగినా నేనూ అదే చూపించేవాణ్ణి. కింద బజారులో నా చెల్లెలు కూడా ఉంది, నీళ్లలో నిలబడి ఏడ్చింది. కుంట కుంటే. కానీ నీ స్థలం పోయేట్టుంటే నేను ముందు నీ దగ్గరికొచ్చి చెప్పేవాణ్ణిరా. ఆటోవాడు చెప్తే వినాల్సి వచ్చింది నేను."

అంకమ్మరావు తల దించుకున్నాడు. "జాగా తీసుకో," అన్నాడు మళ్లీ.

"నీకు నిద్ర పట్టడానికి నేను నీ జాగాలో ఇల్లు కట్టుకోవాలా? పో, పోయి నీ ఇల్లు కట్టుకో. తప్పు చేశావా, చేశాననుకో. దాన్ని తెచ్చి నా ఇంట్లో దించొద్దు."

అంకమ్మరావు చెప్పులేసుకుని వచ్చేశాడు.

గీత లోపలి గ్రావెల్‌ను మళ్లీ ఎత్తించారు. స్థలం పోయినవాళ్లకు ఊరికి అవతల, మాచర్ల రోడ్డు మీద చాలా దూరంలో వేరే స్థలాలు ఇచ్చారు. మరుసటి వానలకు కుంటలో నీళ్లు నిలిచాయి, కింద బజారులోకి రాలేదు. అక్కడి చెన్నమ్మ అనే ముసలామె ఇంట్లో అంకమ్మరావు బండ మారుస్తుంటే, "ఈ ఏడు గడప తడవలేదయ్యా, ఎవరు చేసిన పుణ్యమో" అంది. ఆయన తలెత్తలేదు. తాపీతో సిమెంటు సర్దుతూ ఉండిపోయాడు. పుణ్యం అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు, పాపం అని చెబితే ఆ ముసలామె గడపను శపించినట్టవుతుంది.

ఆయన ఇల్లు లేచింది. లక్ష్మీతిరుపతమ్మ గృహప్రవేశానికి ఇమాం ఇంటికి తానే వెళ్లి పిలిచింది. మస్తాన్‌బీ వచ్చి, చీర పెట్టి, భోజనం చేసి వెళ్లింది. ఇమాంకు ఆ రోజు కొట్టులో పనుందట.

ఇమాం ఇల్లు ఆ తరువాత ఏడాదికి పూర్తయింది. నేల పరచడానికి దాచేపల్లి నుంచి వేరే మేస్త్రిని పిలిపించుకున్నారని అంకమ్మరావుకు తెలిసింది. ఎవరూ పిలవకపోయినా ఒక శుక్రవారం బండి వేసుకుని వెళ్లాడు. ఇమాం గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికి రమ్మన్నాడు. మస్తాన్‌బీ టీ ఇచ్చింది. అంకమ్మరావు నేల చూశాడు. చూడకుండా ఉండలేడు కదా. రాళ్లు ఒకదానికొకటి వెంట్రుక పట్టనంత దగ్గరగా కూర్చున్నాయి. మంచి పని.

"ఎట్టా ఉంది?" అన్నాడు ఇమాం.

"బాగా చేశాడు."

"కొట్టుకి దూరమైపోయింది. రోజూ బస్సు కోసం నిలబడాల్సొస్తంది."

అంకమ్మరావుకు ఆ మాట పొడిచినట్టయింది. ఇమాం పొడవాలని అన్నాడో, ఉన్న సంగతి చెప్పాడో తెలియలేదు. అడగలేదు. ఇద్దరూ కాసేపు కరెంటు కోతల గురించి మాట్లాడుకున్నారు. లేచి వచ్చేటప్పుడు ఇమాం మళ్లీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

పై శుక్రవారం అంకమ్మరావు మళ్లీ వెళ్లాడు. ఆ మరుసటి శుక్రవారం ఇమాం ఇంట్లో లేడు. మస్తాన్‌బీ కుర్చీ వేసి, "వచ్చే వేళయింది, కూర్చో" అంది.

కూర్చున్నాడు.