వాసన చూసిన పువ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పువ్వును వాసన చూడటం తప్పు. దొంగతనం, అబద్ధం తర్వాత మా జేజి దృష్టిలో అంత పెద్ద తప్పు అదే. జేజి అంటే మా నాయనకు తల్లి. ఆళ్ళగడ్డ బజారులో మాకు కిరాణా అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు, ఇంటి వెనక పెరడు. అంగడి మా నాయనది, ఇల్లు మా జేజిది, పెరడు మాత్రం మా అమ్మది.

బియ్యం కడిగిన నీళ్ళతోనే ఆ పెరడంతా పెంచింది మా అమ్మ. నందివర్ధనం, గన్నేరు, గోడవారగా పారిజాతం, అన్నిటికీ మధ్యలో ఒక పెద్ద మల్లెపొద. ఆమెకు వేదాంతం తెలియదు కానీ పూలకు సంబంధించిన మర్యాదలన్నీ తెలుసు. పారిజాతం ఒక్కటే నేల మీద ఏరుకోవాలి, కొమ్మ మీద చెయ్యి వేయకూడదు. మిగతావేవీ కింద పడ్డవి పనికిరావు. దీపాలు పెట్టాక చెట్టును ముట్టకూడదు, నిద్రపోతూ ఉంటుంది. ఎంత అవసరమున్నా కొమ్మకు ఒక్క పువ్వైనా వదలాలి, ఎందుకంటే చెట్టు కూడా తన పూజ తాను చేసుకుంటుంది. దేవుడి దగ్గర వాడిపోయిన పూలను తెచ్చి మళ్ళీ చెట్టు మొదట్లోనే వేసేది. మల్లెకు తొలి మొగ్గ కనపడిన రోజున మా ఇంట్లో వంట ఆలస్యమయ్యేది. అమ్మ పెరట్లోంచి లోపలికి వచ్చేది కాదు మరి. మా నాయన అంగడి నుంచి వచ్చి, ఖాళీ కంచం ముందు కూర్చుని నవ్వుకునేవాడు.

ఇక వాసన సంగతి. తొలి వాసన దేవుడిది, ఆ తర్వాతే మనది. గాలికి దానంతట అది వచ్చే వాసనను జేజి క్షమించేది కానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఊరుకునేది కాదు. ఒకసారి నేను బుట్టలోకి వంగి గుండెల నిండా పీల్చుకుంటూ ఆమెకు దొరికిపోయాను. బుట్టంతా చెట్టు మొదట్లో గుమ్మరించి, ఆ పూట పూలు లేకుండానే దీపం పెట్టింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఒక ఎండాకాలం మా అమ్మకు జ్వరం వచ్చింది. తగ్గకపోతే మా నాయన ఆమెను బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. పోయేటప్పుడు చెట్లకు నీళ్ళు మరిచిపోవద్దని అమ్మ కిటికీలోంచి చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు అద్దె కారులో తెచ్చారు. వసారాలో పడుకోబెట్టారు.

ముత్తైదువగా పోయింది కాబట్టి వీధిలోని ఆడవాళ్ళంతా పెరట్లోకి పోయి పూలు కోసుకొచ్చి ఆమెకు అలంకరించారు. జడ నిండా మల్లెలు, మెడ నిండా మల్లెలు. బతికి ఉండగా పూసినవన్నీ దేవుడికి పెట్టేసి, మిగిలిన ఒక్క మూరతో సరిపెట్టుకున్న మనిషి. ఆమె తలలో అన్ని పూలు నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత నేను పెరట్లోకి పోయి చూశాను. కొమ్మకు ఒక్కటి కూడా వదల్లేదు వాళ్ళు. నాకు ఆ ఒక్క ఆలోచనే వచ్చింది. ఏడుపు రాలేదు.

ఆ తర్వాత కూడా రాలేదు. అన్నం తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. చుట్టాలు నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడుస్తుంటే, వాళ్ళ చీర అంచులు చూస్తూ కూర్చునేదాన్ని. చెవిలో నీళ్ళు పోయినప్పటిలాగా అందరి మాటలూ ఎక్కడో దూరంగా వినపడేవి. పిల్లకు ఇంకా తెలియలేదు పాపం అనేవారు. తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు, అంతే.

మల్లెపొదకు మైల లేదు. ఎండలు ముదిరేకొద్దీ విరగబూసింది. దేవుడి గదికి తాళం పడింది కాబట్టి కోసేవాళ్ళు లేరు. పూసినవి పూసినట్టే చెట్టు మీద ఎర్రబడి రాలిపోయేవి. సాయంత్రమైతే వాసన ఇంట్లోకి వచ్చేదట. మా నాయన పెరటి తలుపు మూసి గడియ పెట్టేవాడు. ఒకరోజు ఆయన జేజి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ మల్లెచెట్టు పీకించేస్తామ్మా. ఆ వాసన వస్తాంటే నాకు ఆ పొద్దు వసారాలో ఉన్నట్లే ఉంటాది. పెరడంతా నాపరాళ్ళు పరిపిస్తా. మూటలేసుకోను పనికొస్తాది."

జేజి గడియ పెట్టిన పెరటి తలుపు వైపు చూసింది. "మైల తీరేదాకా ఇంటి మట్టిలో గడ్డపార దించగూడదు నాయనా. తీరినాక నీ ఇష్టం," అంది. ఆయన తలూపాడు. శుద్ధి అయిన మరుసటి రోజుకు మేస్త్రీని రమ్మని చెప్పి పంపాడు. అమ్మ చెట్టు పోతుందన్నమాట. ఆ మాట విన్నప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు.

మరునాడు తెల్లవారుతూనే జేజి నన్ను లేపి చేతికి చెంబు ఇచ్చింది. పెరటి తలుపు గడియ తనే తీసింది. నీళ్ళు పోయించింది. తర్వాత ఒక మల్లెపువ్వు తుంచి నా ముక్కు దగ్గర పెట్టి, వాసన చూడు అంది. నేను వెనక్కి జరిగాను.

"దేవునికి గదా జేజీ?"

"ఆయప్ప గదికి బీగం ఏసుండాం గదా. ఇప్పుడు మన పూలు ఆడికి పోవు. నువ్వు చూడు."

చూశాను. ఏమీ రాలేదు. గట్టిగా పీల్చాను. తడి కాగితం వాసన చూసినట్టుంది. ఆ మాటే చెప్పాను. అంత మల్లెపొద పక్కన నిలబడి ఆ మాట చెప్తే తిడుతుందేమో అనుకున్నాను. ఆమె పువ్వును చెట్టు మొదట్లో వేసి, చెంబు మళ్ళీ నింపి ఇచ్చింది.

"రాకుంటే రాకపోనీలే. నీళ్ళు పొయ్యడం నీ పని. వాసన రావడం దాని పని. నువ్వు నీ పని చెయ్యి."

అలా రోజూ. నీళ్ళు పోయడం, ఒక పువ్వు వాసన చూడటం, రాలేదని చెప్పడం. ఆమె సరే అనేది. ఓదార్చలేదు, తల నిమరలేదు. మా జేజికి అవి చేతకావు. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, నేను ఎక్కడో ఉండేదాన్ని. మట్టి నీళ్ళు పీల్చుకునే చప్పుడు మాత్రం బాగుండేది. ఆ రోజుల్లో నాకు బాగుందనిపించినది అదొక్కటే.

శుద్ధి రోజు వచ్చింది. ఇల్లంతా కడిగారు, దేవుడి గది తాళం తీశారు. చుట్టాలందరూ హాల్లో ఉన్నారు. జేజి నన్ను పూలు కోసుకురమ్మంది. కొమ్మకు ఒకటి వదిలి, మిగతావన్నీ బుట్ట నిండా కోశాను. ఎప్పుడూ ఆ బుట్టను గదిలోకి తీసుకుపోయేది జేజి. ఆ రోజు మాత్రం, "మీ నాయన చేతికియ్యి పో. ఆయనే పెడతాడు," అంది.

మా నాయన తలస్నానం చేసి తడి పంచెతో గడప దగ్గర ఉన్నాడు. బుట్ట అందించాను. పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఒక అడుగు లోపలికి వేశాడు. అక్కడే ఆగిపోయాడు. ఉన్నట్టుండి బుట్టను రెండు చేతులతో పైకెత్తి, ముఖం అందులో దాచుకున్నాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదట, మట్టి చేసిన చోట ఏడవలేదట. ఇప్పుడు అంత మందిలో, పూలలో ముఖం పెట్టుకుని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

మా మేనత్త ముందుగా తేరుకుంది.

"అయ్యో, వాసన చూసేసినాడే! ఇంగ అవి పనికిరావు. యాడన్న వేరే పూలు తెప్పించండి."

అందరూ జేజి వైపు చూశారు. నేనూ చూశాను. బుట్టంతా మట్టిలో గుమ్మరించిన మనిషి కదా. ఆమె వచ్చి, మా నాయన చేతిలోంచి బుట్ట మెల్లగా తీసుకుంది. కొన్ని మల్లెలు తడిసిపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి.

"వాసన పెట్టిందే ఆయప్ప. ఒకరు చూస్తే ఏమైతాది? ఇంత ఏడుపు కలిసిన పూలు ఆయప్పకు ఎవురిస్తారు? జరగండి," అని లోపలికి పోయి, దేవుడి ముందు తానే పోసింది.

మేస్త్రీని రావద్దని మా నాయనే ఆ సాయంత్రం కబురు పంపాడు. పెరటి తలుపుకు గడియ పెట్టలేదు.

నాకు మాత్రం ఆ రోజు కూడా ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే గోడకు ఆనుకుని చూశాను. వానలు వచ్చాయి, మల్లె ఆకు రాల్చింది, బడి తెరిచారు. నీళ్ళు పోస్తూనే ఉన్నాను. మళ్ళీ ఎండాకాలం వచ్చి, తొలి పువ్వు విచ్చిన ఒక పొద్దున చెంబు వంచుతున్నాను. పువ్వు కోయలేదు, వంగలేదు. వాసన దానంతట అదే వచ్చింది. అమ్మ జడ వాసన అది, అమ్మ చేతుల వాసన. తడి మట్టిలో కూలబడిపోయి ఏడ్చాను. అమ్మా అని పిలిచాను కూడా. జేజి తలుపు దగ్గరికి వచ్చి చూసింది. కింద పడిన చెంబు తీసుకుని, మిగిలిన చెట్లకు తను నీళ్ళు పోసుకుంటూ పోయింది.

మైలలో గడ్డపార దించకూడదన్న నియమం గురించి పెద్దయ్యాక చాలామందిని అడిగాను. ఎవరూ వినలేదన్నారు. ఒక పంతులుగారు నవ్వి ఊరుకున్నారు. చెట్టును కాపాడటానికి జేజి అప్పటికప్పుడు కట్టిన శాస్త్రం అది. పువ్వును వాసన చూడకూడదన్న నియమం మీద ప్రాణం పెట్టిన మనిషే ఆ రోజు దాన్ని పక్కన పెట్టింది కదా. ఆమెకు నియమాలు ఎందుకున్నాయో తెలుసు. నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పువ్వు మనకూ దేవుడికీ మధ్య మాట లాంటిది. శుభ్రంగా, అందంగా చెప్పగలిగినప్పుడు అలా చెప్తాం. లేనప్పుడు ఏడుస్తూ చెప్తాం. ఏదీ చెప్పలేని రోజుల్లో చెట్టుకు నీళ్ళు పోస్తాం. అదీ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు నంద్యాలలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈ ఎండాకాలం మొదట్లో మా ఆయన పోయాడు. నలభై ఏళ్ళకు పైగా కాపురం. నేను ఏడవలేదు. ఏడిస్తే మనసు తేలికవుతుందని వచ్చినవాళ్ళంతా చెప్పారు. గుండె రాయి చేసుకుందని కొందరు మెచ్చుకున్నారు, కొందరు మరోలా అనుకున్నారు. తలలో పూలు పెట్టుకోవద్దని చెప్పినవాళ్ళు ఉన్నారు కానీ, వాసన చూడవద్దని ఎవరూ అనలేదు.

మిద్దె మీద కుండీలలో మల్లెలు ఉన్నాయి. ఎండ ఎక్కకముందే పోయి నీళ్ళు పోస్తాను. ఒక పువ్వు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇంకా రాలేదు. నాకు భయం లేదు, తొందర లేదు. ఇంతసేపు అక్కడ ఒక్కదాన్నే ఏం చేస్తున్నానో అని మా అమ్మాయికి కంగారు. "ఏం జేస్తాండావమ్మా ఆడ?" అని కింద నుంచి కేకేస్తుంది.

నీళ్ళు పోస్తున్నానని చెప్తాను.