పసుపు జెండా ఉన్న కొట్టు

నరసరావుపేటలో నాది పప్పుల వ్యాపారం. బడి రోజుల నుంచి ముగ్గురు స్నేహితులున్నారు, ముగ్గురూ పొలాలున్నవాళ్ళు. రోజూ పొద్దున కాలేజీ గ్రౌండులో నలుగురం కలిసి నడుస్తాం. రెండేళ్ళ కిందట, మిరప కోతలు అయిపోయాక, నాలుగు రోజులు బ్యాంకాక్ వెళ్ళొద్దామన్నారు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఆ మాటే అన్నాను.

"ఏంగాదులేరా సెట్టీ. అన్నం లేని ఊరుంటదా?" అన్నాడు ఒకడు.

మొదటి రోజు మధ్యాహ్నం నది పక్కన ఒక హోటల్‌కు వెళ్ళాం. వాళ్ళకు పీతలు, రొయ్యలు, పచ్చి బొప్పాయి దంచిన సలాడ్ వచ్చాయి. "మన కారం ఎందుకూ పనికిరాదురా దీని ముందు" అంటూ చెమటలు తుడుచుకుంటూ తింటున్నారు. నాకు ఆకుకూర తెప్పించారు. నోటి దగ్గరకు తీసుకెళ్ళగానే చేపల వాసన. అక్కడ ఉప్పుకు బదులు చేపలు ఊరబెట్టిన రసం పోస్తారట. మా ఆవిడ కట్టిచ్చిన కందిపొడితో ఉత్త అన్నం తిన్నాను. ముగ్గురూ అయ్యో అన్నారు. రాత్రి భోజనం దగ్గర "నీ పొడి ఉందిగా" అన్నారు. మర్నాడు నేనేం తింటున్నానో ఎవరూ చూడలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. తిండి బాగుంటే మనిషి కంచంలోకే చూస్తాడు.

ఆ సాయంత్రం పడవ మీద భోజనానికి బయలుదేరారు. తలనొప్పి అని చెప్పి రూములో ఉండిపోయాను. నాకు తలనొప్పి లేదు. కింద కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి చేతులతో చెప్పాను, మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. ఆమె ఒక కాగితం మీద పదిహేడు అంకెలా ఉండే అక్షరం రాసి, పసుపు జెండా మీద ఇది ఎక్కడ కనబడితే అక్కడ తినొచ్చని సైగలతో చెప్పి, వెనక వీధి వైపు చూపించింది.

తెల్లవారి ఒక్కడినే వెళ్ళాను. సందు మలుపులో చిన్న కొట్టు, చూరుకు పసుపు జెండా. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ నడుపుతోంది. వేడి గంజి, ఊరబెట్టిన ఆవాకు, వేయించిన తూటికూర పెట్టింది. తూటికూర మా కాలువల్లో ఎంతైనా ఉంటుంది. మా అమ్మ వండేది, తర్వాత మా ఇంట్లో ఎవరూ వండలేదు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

తింటుండగా ముగ్గురు బౌద్ధ సన్యాసులు చెప్పుల్లేకుండా వచ్చి కొట్టు ముందు నిలబడ్డారు. ముసలమ్మ అన్నం పొట్లాలు తీసి, ఒకటి నా చేతికిచ్చి, నా చెప్పుల వైపు చూపించింది. విడిచి వెళ్ళి ఒకాయన భిక్షాపాత్రలో పొట్లం పెట్టాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంటే నేనూ కూర్చున్నాను. వాళ్ళు చదివిన దాంట్లో చివరి మాటలు నాకు తెలిసినవే. సుఖం, బలం. ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కనున్న ఆమెకు నా భాష రాదు.

ఆ రాత్రి వాళ్ళతో అన్నాను, "రేపు పొద్దున నాతో రండిరా, ఒకటి చూపిస్తా."

"ఏంది అది?"

"పసుపు జెండా కొట్టు ఒకటుంది."

"ఇక్కడ కూడా ఎలక్షన్లేనా?" అని నవ్వుకున్నారు. ఒకడు మాత్రం "లేపరా, వస్తా" అన్నాడు.

పొద్దున లేపాను. దుప్పటి మొహం మీదకు లాక్కుని, "ఇయ్యాల వొద్దులేరా, చానా నడిచాం నిన్న" అన్నాడు. ఆ రోజే తిరుగు ప్రయాణం. ముసలమ్మ దగ్గర గంజి తాగి, చేతులు జోడించి వచ్చేశాను.

వచ్చిన వారానికి గ్రౌండులో వాళ్ళు పదిమందికి ట్రిప్పు కబుర్లు చెబుతున్నారు. సెల్‌ఫోన్లో ఫొటోలు తిప్పుతున్నారు. ఒకాయన నా వైపు తిరిగి, "నువ్వు పోలేదా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మావాడు అందుకున్నాడు. "వచ్చాడు బాబాయ్. రూములోనే పడుకునేవాడు."

నవ్వాను. కాదని చెప్పడానికి కష్టమేమీ లేదు. అప్పటికే మాట అక్కడ తిన్న కొబ్బరి కూర మీదకు పోయింది. ఇంకో రౌండు నడిచి ముందుగా వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ, "మీరు అక్కడ రూములోనే ఉన్నారంటగా, ఒంట్లో బాగాలేదా?" అంది. వాళ్ళ ఆడవాళ్ళు చెప్పారట. అప్పుడు ఆమెకు మొత్తం చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"మరి ఇదంతా వాళ్ళకు చెప్పకపోయారా?"

"అడగలేదు" అన్నాను.

ఆమె నన్నే చూస్తూ చేట పక్కన పెట్టింది. నేను కొట్టు తాళాలు తీసుకుని బయలుదేరాను.