ఆండాళమ్మ చెవి

ముత్తియాల్‌పేటలో ఎం. ధనపాల్ ఏం పని చేస్తాడని అడిగితే ఎవరూ సూటిగా చెప్పేవారు కాదు. మిల్లుకు పోడు, ఆఫీసుకు పోడు. పొద్దున పది గంటలకు ఇంటి ముందు తిన్నె మీద ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చుంటాడు. పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు ఆ అట్టను చూసి, కాఫీ తాగి, మర్యాదగా వెళ్ళిపోయేవారు. మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన తండ్రి "మావోడు బొమ్మలేస్తాడు" అనేవాడే గానీ, ఏం బొమ్మలో చెప్పేవాడు కాదు.

నవ్వు బొమ్మలు. మద్రాసు తమిళ వారపత్రిక ఒకటి జోకులు పంపేది, వాటికి బొమ్మలు వేసి మంగళవారం పోస్టులో వేయాలి. ఇంట్లో మాట తెలుగే అయినా, చదివింది తమిళ బడిలో గనక, ధనపాల్‌కు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు, తమిళం మాత్రం గడగడా చదివేవాడు. మధ్యమధ్య పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళి, వచ్చినవాళ్ళ మొహాలు గీసి ఇచ్చేవాడు. ముక్కు కాస్త సాగదీస్తే చాలు, పందిరంతా నవ్వుతుంది, ఆ ముక్కు గల మనిషి తప్ప.

ఇంత పనిమంతుడికీ ఒక లోపం ఉంది. ఊహించి మొహం వేయడం చేతకాదు, ఎదురుగా మనిషి ఉండాలి. ఎదురుగా ఉన్నది ఆండాళమ్మ. వీధికి ఆ వైపు తిన్నె మీద ఇడ్లీలు అమ్మే విధవరాలు. వరసకు ఏమీ కాదు. అయినా ధనపాల్ తల్లి పోయిన నాటి నుంచి రోజూ నాలుగు ఇడ్లీలు వాడికని తీసి పెట్టేది. వాడు "అత్తా" అని పిలిచేవాడు.

డెబ్బై నాలుగులో పత్రికవాళ్ళు మొగుణ్ణి గరిటెతో బాదే గయ్యాళి పెళ్ళాం కావాలన్నారు. ధనపాల్ తలెత్తి చూసి, ఆండాళమ్మను దించేశాడు. ఆ గుండ్రటి మొహం, రెండు ముక్కుపుడకలు, కింది వరకూ చీలిపోయిన ఎడమ చెవి తమ్మె, ఏదీ వదలలేదు. చదివేవాళ్ళు ఆ బొమ్మకు కరండి మామి అని పేరు పెట్టుకున్నారు. తమిళంలో కరండి అంటే గరిటె, మామి అంటే అత్త. ఏం వేస్తున్నావురా అని ఆండాళమ్మ అడిగితే, "క్యాలెండరుకు లచ్చిందేవి బొమ్మత్తా, చేతులు నీయే పెట్టినా" అనేశాడు. ఆవిడ నమ్మింది. మరుసటి రోజు నుంచి చేతులకు పసుపు రాసుకుని మరీ పొయ్యి ముందు కూర్చునేది. ఆ పసుపు చేతులు చూసినప్పుడల్లా ధనపాల్‌కు తల దించుకోవాలనిపించేది, అయినా గీత ఆపలేదు.

ఆ చెవి ఎలా తెగిందని ఎవరడిగినా, బావి తాడు తగులుకుందని చెప్పేది ఆండాళమ్మ. కూతురు పూంగొడికీ అదే చెప్పింది. అసలు సంగతి ఒక వాన మధ్యాహ్నం ధనపాల్‌కు ఒక్కడికే చెప్పింది.

"మీ మామ కల్లంగడికి పోవాల. చేతిలో ఏమీ లేదు. చెవిలో కమ్మ పట్టుకోని లాగేసినాడు నాయినా. రెండో కమ్మ నేనే తీసిచ్చేసినా, మళ్ళీ లాగుతాడేమోనని. బిడ్డకు తెలియనీయొద్దు. పోయిన మనిషికి చెడ్డ పేరెందుకు?"

ధనపాల్ తల ఊపాడు. అప్పుడు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు, అది అబద్ధం కాదు.

డెబ్బై తొమ్మిదిలో ఒక వారం వేసిన బొమ్మలన్నీ తిరిగొచ్చాయి, నవ్వు రావడం లేదని చీటీతో సహా. మంగళవారానికి ఇక రెండు రోజులే ఉన్నాయి. ధనపాల్ మొట్టమొదటిసారి జోకు కూడా తనే రాశాడు. బొమ్మలో కల్లంగడి ముందు మొగుడు చేతిలో ఒంటి కమ్మ పట్టుకుని నిలబడ్డాడు. వెనక తెగిన చెవి పట్టుకుని కరండి మామి. "ఒకటేనా?" అంటాడు అంగడివాడు. "రెండో చెవి రేపటికుంచినా" అంటాడు మొగుడు. పత్రికవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వామని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం తండ్రికి చదివి వినిపించాడు కూడా.

ఆండాళమ్మకు చదువు రాదు గదా అన్నది వాడి ధైర్యం. బొమ్మ చూడడానికి చదువెందుకు? ఇడ్లీ పొట్లాలు కట్టేందుకు ఆవిడ ఈ మధ్య కొంటున్నవి పాత వారపత్రికలేనన్న సంగతి కూడా ఆ బుద్ధిమంతుడికి తట్టలేదు.

మూడు నెలల తరువాత ఒక పొద్దున, మిల్లు పనివాడు చెల్లప్పన్ ఆండాళమ్మ తిన్నె మీదే కూర్చుని పొట్లం విప్పాడు. కాగితం చూసి పెద్దగా నవ్వాడు. తలెత్తి ఆండాళమ్మ చెవి చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆవిడ చేయి చాచి ఆ కాగితం తీసుకుని, చట్నీ తుడిచి, చాలాసేపు చూసింది. టైపు నేర్చుకుంటున్న పూంగొడి భుజం మీదుగా వంగి కింది అక్షరాలు చదివింది.

"బావి తాడన్నావు గదమ్మా?" అంది పూంగొడి. ఆండాళమ్మ లేచింది. కాగితం పట్టుకుని వీధి దాటి వచ్చింది.

"ధనపాలూ, ఇది నేనేనా?"

"నువ్వు యాడత్తా! ఎవురో మద్రాసామె. వాళ్ళెట్ట చెప్తే అట్ట ఏస్తా."

"మరి చెవి?"

"అదా... అచ్చులో మసి చెదిరినట్టుండాది."

"అట్నా," అని ఆవిడ కాగితం మడిచి రొంటిన దోపుకుని వెళ్ళిపోయింది.

ఇడ్లీలు ఆగలేదు. మరుసటి రోజూ నాలుగు వచ్చాయి, కాగితం లేకుండా ఉత్త ఆకులో. ఆవిడ చెంగు చెవి మీదకు కప్పుకుని పొయ్యి ముట్టించేది. ముట్టించాక ఒకసారి ఇటువైపు చూసేది. ఆ చూపు భరించలేక ధనపాల్ అట్ట తీసుకుని పెరట్లోకి మారాడు. వీధిలో పిల్లలు ఆవిడను కరండి మామి అని పిలుస్తుంటే పెరట్లోకి వినబడేది. బయటికొచ్చి ఒక్క కసురు కసరవచ్చు. కసరలేదు. కొన్నాళ్ళకు తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి లాస్‌పేటకు వెళ్ళిపోయారని తెలిసినప్పుడు, అమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆ పూట అన్నం సహించలేదు.

ఎదురు తిన్నె ఖాళీ అయినా కరండి మామి మాత్రం ఆగలేదు. మరో ఆరేళ్ళు వారం వారం వచ్చింది. ఎదురుగా మనిషి లేకుండా ధనపాల్ వేయగలిగిన మొహం ఇప్పుడు అదొక్కటే.

ఎనభై అయిదులో లాస్‌పేటలో కాపురముంటున్న యానాం మనిషి, ఆఫీసరు బుల్లిరాజు, మనవరాలి పుట్టినరోజుకు వచ్చినవాళ్ళ బొమ్మలు వేయమని ధనపాల్‌ను పిలిపించాడు. సాయంత్రం దాకా వేశాడు, నవ్వులే నవ్వులు. చివర్న బుల్లిరాజు లోపలికి వెళ్ళి వంటావిడను పిలుచుకొచ్చాడు.

"ధనపాల్ గారూ, ఈవిడదీ ఒకటెయ్యండి. ఈవిడ ఇడ్లీల కోసవే సగం మంది వచ్చారండి."

చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది ఆండాళమ్మ. జుట్టు పూర్తిగా నెరిసింది. చెంగు కప్పుకోలేదు. ఆ చెవి అలాగే కనబడుతోంది.

ధనపాల్ కొత్త కాగితం తీశాడు. వంచిన తల ఎత్తకుండా వేశాడు. మొహం కోలగా వేశాడు, పెదవుల మీద చిరునవ్వు పెట్టాడు, రెండు చెవులూ నిండుగా దిద్ది రెండింటికీ కమ్మలు పెట్టాడు. ఇస్తే చుట్టూ ఉన్నవాళ్ళు తొంగి చూశారు.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు బుల్లిరాజు. "నా బట్టతల మీద బస్సు నడిపించేశారు గదా, ఈవిడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి తిరగలేదేంటండీ?"

అందరూ నవ్వారు. ఆండాళమ్మ బొమ్మను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది ఎవురు నాయినా?"

"నువ్వే అత్తా."

"ఆ పొద్దు నన్నేసి, నేను కాదన్నావు. ఈ పొద్దు ఎవురినో ఏసి, నేనంటుండావు."

నవ్వులు ఆగాయి. ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. ధనపాల్ లేచి నిలబడ్డాడు. పారిపోవడానికి ఇక్కడ పెరడు లేదు.

"ఆ బొమ్మ నీదేనత్తా," అన్నాడు అందరి ముందూ. "నువ్వు నమ్మి చెప్పిన మాటను అమ్ముకున్నా. తప్పు చేసినా."

ఆండాళమ్మ బొమ్మను వాడి అట్ట మీద పెట్టింది.

"అది నాకు ఆ పొద్దే తెలుసు. ఈ మాట కోసరమే ఇల్లు ఖాళీ చేసేదాకా పొయ్యి ముట్టించినప్పుడల్లా నీ తిన్నె పక్కే చూసినా. నువ్వు ఒక్కసారి వచ్చి చెప్పుంటే నేను ఆ వీది ఇడిసేదాన్ని కాదురా."